ఎర్ర త్రికోణం జీపు

మా పరిశోధన కేంద్రానికి సొంత జీపు ఉండి ఉంటే ఆ ఊళ్లో బడి ఇంకా ఉండేది. తప్పంతా జీపు మీదికి తోసేసి తప్పుకోవచ్చు గానీ, అందులో నా వాటా కూడా కొంత ఉంది.

అరవై ఎనిమిదిలో నాకు విజయనగరంలో ఉద్యోగం దొరికింది. విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడ ఒక అద్దె మేడలో విద్యా పరిశోధన కేంద్రం తెరిచారు. కింద బియ్యం కొట్టు, పైన మేము. పైన మేం పిల్లల మనస్తత్వం గురించి చర్చించుకుంటూ ఉంటే కింద తూకం వేసేవాడు ఒకటికి బదులు "లాభం... రెండు... మూడు..." అంటూ గొంతెత్తి లెక్కపెట్టేవాడు. ఆ భవనం మొత్తం మీద లెక్క తప్పనివాడు అతనొక్కడే అని ఇప్పుడు అనిపిస్తుంది.

మా పని ఏకోపాధ్యాయ పాఠశాలల మీద సర్వే. ఊరికొక పంతులు, పంతులుకొక పాక, పాకలో ఐదు తరగతులు. వాటిలో పిల్లలు నిజంగా వస్తున్నారా లేదా అన్నది మేం తేల్చాలి. రాని చోట బడి ఎత్తేసి పక్క ఊరి బడిలో కలిపేద్దామని జిల్లా వాళ్లు మా నివేదిక కోసం కాచుకుని ఉన్నారు. అంటే మేం వేసే అంకె మీద ఒక బడి నిలవడమో పోవడమో ఉంటుందన్నమాట. చేరిన మొదటివారమే ఇది మాకు చెప్పారు. మేం గంభీరంగా తలలూపి టీకి వెళ్లాం.

డైరెక్టరు గారు అంతకుముందు చాలాకాలం బళ్ల ఇనస్పెక్టరుగా తిరిగిన మనిషి. ముందుగా కబురు పెడితే పంతుళ్లు పక్క ఊళ్ల నుంచి పిల్లల్ని అరువు తెచ్చి కూర్చోబెడతారని ఆయనకు అనుభవం. ఒకే పిల్లవాడికి ఒకే వారంలో మూడు బళ్లలో చాక్లెట్ ఇచ్చానని ఆయనే చెప్పేవారు. అందుకని ఆయన ఒక నియమం పెట్టారు. చెప్పకుండా వెళ్లాలి. వెళ్లిన పది నిమిషాల్లోపు తలలు లెక్కపెట్టాలి. ఆ అంకే అంకె. దీనికి ఆఫీసులో పది నిమిషాల లెక్క అని పేరు. నియమంలో లోపం ఏమీ లేదు. లోపమంతా మేం ఎక్కిన బండిలో ఉంది.

ఆ జీపు ఆరోగ్య శాఖ వాళ్లది. మా డైరెక్టరు గారి పరపతి మీద వారానికి మూడు రోజులు మాకిచ్చేవారు. దానికి రెండు పక్కలా ఎర్ర త్రికోణం, దాని కింద ఇద్దరు లేక ముగ్గురు చాలు అన్న హితవు, నవ్వుతున్న నాలుగు ముఖాలు. మిగతా మూడు రోజులూ అదే బండిలో, అదే డ్రైవరుతో, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల వాళ్లు, మశూచి టీకాల వాళ్లు తిరిగేవారు. అవే ఊళ్లు, అవే దారులు.

ఇక నా వాటా గురించి చెప్పాలి. మేం నింపే ఫారంలో చివరి గడి రిమార్కులది. మిగతా గడులన్నీ అంకెలే కాబట్టి నాకున్న స్వేచ్ఛ అంతా ఆ గడిలోనే. పైకప్పు లేచిపోయిన ఒక బడికి "గాలీ వెలుతురూ పుష్కలం" అని రాశాను. ఇంకో చోట "పంతులు గారు హాజరు. మెలకువ గైరుహాజరు" అని రాశాను. మా టైపిస్టు ఫారాలు టైపు చేసే ముందు నా రిమార్కులు పైకి చదివేవాడు. ఆఫీసంతా నవ్వేది. డైరెక్టరు గారు ఒకసారి విని, తనూ నవ్వి, "బాగున్నాయి. టైపు చేసేటప్పుడు మాత్రం ఇవి వదిలెయ్" అన్నారు. అప్పటి నుంచి నా రిమార్కులు వినోదానికే తప్ప రికార్డుకి ఎక్కలేదు. నేను దాన్ని కీర్తి అనుకున్నాను.

శృంగవరపుకోట అవతల, కొండ దిగువ ఊరది. భాద్రపదం. దారి పొడుగునా చెరువుల్లో నార కోసం గోగు నానబెట్టారు. ఆ కుళ్లు వాసనకు ముక్కు మూసుకుని డైరెక్టరు గారు ముందు సీట్లో, ఫారాల కట్టతో నేను వెనక. ఊరికి ఇవతల ఒక గెడ్డ. నీళ్లు మోకాలి బంటి ఉన్నాయి. జీపు గెడ్డ దాటి ఒడ్డెక్కగానే పొలంలో పని చేస్తున్న మగాళ్లు నలుగురు మమ్మల్ని చూసి, పనిముట్లు అక్కడే పారేసి, పంచెలు ఎగ్గట్టి జీడితోటలోకి పరుగు తీశారు.

"చూశావా, చదువు పేరెత్తితే ఎంత విముఖతో" అన్నారు డైరెక్టరు గారు.

డ్రైవరు నా వైపు అద్దంలో చూశాడు. "సదువుని సూసి కాదు బాబూ, బండి మీద బొమ్మని సూసి. కిందటి నెల్లో ఈ ఊర్నించే ఇద్దర్ని ఎక్కించీసినాం కదా, ఆపరేసన్‌కి."

"ఊరుకోవయ్యా" అన్నారు ఆయన.

బడి ఊరి చివర తాటాకు పాక. పంతులమ్మ గుమ్మంలోనే ఉంది. నలభై ఏళ్లుంటాయి. మిషను బడిలో చదివి అక్కడే ట్రైనింగయిన మనిషి. తెల్ల చీర, చేతిలో రిజిస్టరు. ఆవిడ నమస్కారం పెట్టేలోపే పాక వెనక అలజడి మొదలైంది. తల్లులు, అమ్మమ్మలు డొంకలోంచి వచ్చి వెనక తడికలోంచి పిల్లల్ని లాక్కుపోతున్నారు. తడిక సందు పట్టనివాళ్లు కిటికీలోంచి దూకుతున్నారు. ఒక ముసలమ్మ మనవరాలి రెక్క పుచ్చుకుని, "ఒసే, రాయే! సూదోలు వొచ్చీసినారు! మొన్న పొడిసిన సెయ్యి ఇంకా మాననేదు!" అని ఈడుస్తోంది.

నేను పరుగెత్తి అడ్డం వెళ్లాను. "అమ్మా, మేం సూది వాళ్లం కాదు. చదువు వాళ్లం."

ఆవిడ నన్నూ జీపునూ మార్చి మార్చి చూసింది. "సదువోలికి జీపెందుకు నాయనా?" అని పిల్లను చంకనేసుకుని వెళ్లిపోయింది.

పది నిమిషాలయ్యాయి. లెక్కపెట్టాం. ఆరుగురు. అందులో ఒకడు నిద్రపోతున్నాడు కాబట్టి మిగిలాడు.

పంతులమ్మ రిజిస్టరు తెరిచి డైరెక్టరు గారి ముందు పెట్టింది. "అయ్యా, పొద్దున్న ముప్పై ఏడుగురు పలికినారండి. తొలకర్లో తప్ప నా బడి ఎప్పుడూ ఖాళీ నేదు. మీ బండి సూసి పారిపోనారు. రేపు బండి గెడ్డ అవతలుంచీసి నడిసి రండయ్యా. మీరే సూద్దురు."

ఆయన చెడ్డవాడు కాదు. చాలా మెత్తగానే చెప్పారు. "అమ్మా, నిన్న చూసిన బడిలో పెళ్లన్నారు. మొన్న చూసిన బడిలో సంతన్నారు. ప్రతి చోటా ఏదో ఒక కారణం ఉంటుంది. రేపు వస్తానని చెప్పి వస్తే అది నా లెక్క కాదు, మీ లెక్క అవుతుంది."

"ఆరని రాసీస్తే ఈ బడి ఎత్తీస్తారు కదండీ."

"నా చేతుల్లో లేదమ్మా" అని ఆయన జీపు వైపు నడిచారు.

నేను ఆగి ఫారం నింపుతున్నాను. ఈసారి రిమార్కు మనస్ఫూర్తిగా రాశాను. కానీ నా చెయ్యికి ఒకటే తీరు అలవాటు. "మేం వచ్చాం, బడి వెళ్లిపోయింది. మమ్మల్ని సూది వాళ్లనుకుని పిల్లలు కిటికీ ప్రవేశద్వారం గుండా నిష్క్రమించారు. జీపు లేకుండా మళ్లీ లెక్కపెట్టాలి."

"ఏటి రాసినారు బాబూ?" అంది పంతులమ్మ. చదివి వినిపించాను. ఆవిడ ముఖంలో నవ్వు వచ్చీ రానట్టు కనిపించి పోయింది. "నవ్వులాటగా ఉన్నాది. నమ్ముతారా?"

"ఎందుకు నమ్మరమ్మా? ఉన్నదే కదా" అన్నాను.

మర్నాడు ఆఫీసులో టైపిస్టు దాన్ని పైకి చదివాడు. కిటికీ మాట దగ్గర నవ్వు ఆపుకోలేక మళ్లీ మొదటి నుంచీ చదివాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముసలమ్మ మాట నేనే కలిపి చెప్పాను, ఆవిడ గొంతుతో సహా. తర్వాత ఆ ఫారం టైపయింది. హాజరు గడిలో ఆరు. రిమార్కుల గడి ఖాళీ.

మూడో రోజుకి గాని నాకు బెంగ పట్టలేదు. ఆదివారం పోనిచ్చి సోమవారం సెలవు పెట్టి, బస్సెక్కి శృంగవరపుకోట రోడ్డులో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని గెడ్డ దాటి వెళ్లాను. జీడితోటలోకి ఎవరూ పారిపోలేదు. నన్ను చూసి ఒకతను "ఎవులింటికి బాబూ?" అని కూడా అడిగాడు. పంతులమ్మకు కబురు లేదు. పాకలో ముప్పై తొమ్మిది మంది ఉన్నారు. రెండుసార్లు లెక్కపెట్టాను. గొంతు పోయేలా ఎక్కాలు చదువుతున్నారు. మొన్న నిద్రపోయినవాడు ఇవాళ కూడా నిద్రపోతున్నాడు. అంటే పద్ధతి ప్రకారం నడిచే బడే.

ఆ అంకె తీసుకెళ్లి డైరెక్టరు గారికిచ్చాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సెలవు పెట్టి, ఒక్కడివే, సంతకం చేసే రెండో మనిషి లేకుండా వెళ్లావు. ఇది ఏ గడిలో వెయ్యమంటావు?" అన్నారు. నిజమే, మా ఫారంలో రెండో లెక్కకు గడి లేదు. ఫారం తయారు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

చివరి అవకాశం నివేదిక చదివిన రోజు దొరికింది. జిల్లా వాళ్లు వచ్చారు. గోడకు పెద్ద పట్టిక తగిలించారు. ఆ ఊరి పేరు పక్కన ఆరు. దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా. నేను లేచాను. "సార్, ఆ బడి గురించి ఒక మాట. ఆ రోజు మా జీపు..."

అంతే. మా వాళ్ల బల్ల దగ్గర నవ్వులు మొదలయ్యాయి. నెల రోజులుగా టీ దగ్గరల్లా ఆ కథ చెబుతున్నది నేనే. ప్రతి మలుపూ వాళ్లకు తెలుసు. టైపిస్టు వెనక నుంచి, "ముసలమ్మ మాట చెప్పరా, ముసలమ్మ మాట!" అన్నాడు. జిల్లా వాళ్లకు కథ తెలియకపోయినా మర్యాదకు నవ్వారు. నేను నవ్వకుండా చెప్పడానికి ప్రయత్నించాను. నేను ముఖం బిగించుకుంటే అది ఇంకా బాగుందని ఇంకా నవ్వారు. డైరెక్టరు గారు చెయ్యెత్తి, "మా వాడు సరదా మనిషి" అని అతిథులకు పరిచయం చేసి తర్వాతి పేజీకి వెళ్లారు. నేను కూర్చున్నాను. కూర్చున్నందుకు కూడా ఎవరో నవ్వారు.

దీపావళి అయ్యాక ఉత్తర్వు వచ్చింది. బడిని గెడ్డ అవతలి ఊరి బడిలో కలిపేశారు. పంతులమ్మను శ్రీకాకుళం వైపు ఎక్కడికో బదిలీ చేశారు. సామాను తరలించే రోజని డ్రైవరు చెబితే వెళ్లాను. ఎందుకు వెళ్లానో చెప్పలేను. అప్పటికే ఒక ఎడ్లబండి మీద నల్లబల్ల, కుర్చీ, పటాల చుట్ట, నీళ్ల కుండ ఎక్కించారు. ఒక బడి అంతా కలిపి అరబండి కూడా రాలేదు.

పంతులమ్మ నన్ను చూసి పలకరించింది. కోపం ఉంటుందనుకున్నాను. లేదు. ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

"ఆ రోజు రాసినారు కదా బాబూ, బండి సంగతి. అది ఎవులూ సదవనేదేటి?"

"చదివారమ్మా. అందరూ చదివారు."

"మరేటన్నారు?"

ఏదైనా అబద్ధం చెప్పవచ్చు. నోటికి ఒకటి కూడా రాలేదు. "నవ్వారమ్మా" అన్నాను.

"మీరు నవ్వొచ్చేలాగ రాసినారు మరి" అంది. నిందలా లేదు. పరీక్ష పేపరు దిద్దినట్టుగా చెప్పింది. తర్వాత కుండ దొర్లకుండా చీరకొంగుతో కుర్చీ కాలికి కట్టడంలో పడింది.

బండి కదిలింది. అంతకుముందు రెండు రోజులు ముసురు పట్టడంతో గెడ్డ నడుం లోతు పారుతోంది. బండివాడు ఎడ్లను అదిలించి నీళ్లలోకి దింపాడు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు కొత్త బడికని పలకలు నెత్తిన పెట్టుకుని, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వెనకే దిగారు. చిన్నవాళ్లు ఒడ్డు దాకా వచ్చి ఆగారు. ఇద్దరు కాళ్లు తడుపుకుని మళ్లీ వెనక్కి వచ్చారు. లెక్కపెట్టమని నన్నెవరూ అడగలేదు గానీ లెక్కపెట్టాను. ఇవతల మిగిలినవాళ్లు ఇరవై ఇద్దరు.