ఉంగరానికి చుట్టిన దారం

2024 వానాకాలం. విజయనగరంలోని ఒక చర్మవ్యాధుల క్లినిక్‌లో నర్సుగా చేరి నాకు అప్పటికి మూడేళ్లు. మొటిమలు, మంగు, జుట్టు రాలడం మాకు రోజూ వచ్చే కేసులు. ఆ ఏడాది నుంచి కొత్త రకం పేషెంట్లు రావడం మొదలుపెట్టారు. షుగరు కోసమో బరువు కోసమో వారానికొక ఇంజెక్షన్ తీసుకుని, కొద్ది నెలల్లోనే బాగా సన్నబడినవాళ్లు. ఒంట్లో కొవ్వుతో పాటు బుగ్గల్లోదీ పోతుంది. కణతలు లోపలికి పోయి, చెంపలు జారి, మనిషి ఉన్న వయసు కంటే పెద్దగా కనిపిస్తుంది.

నాగరత్నం గారు (పేరు మార్చాను) అలా వచ్చినవారే. యాభై దాటిన మనిషి. ఊళ్లో వాళ్లది బట్టల కొట్టు. గల్లాపెట్టె దగ్గర పెళ్లయిన నాటి నుంచీ ఆవిడే కూర్చుంటారు. ఎనిమిది నెలల్లో ఇరవై కిలోలు తగ్గారు. కొట్టుకొచ్చేవాళ్లు చీరలు మానేసి తన మొహం చూస్తున్నారని, ఏదో పెద్ద జబ్బు దాస్తోందని చెప్పుకుంటున్నారని మొదటి రోజే చెప్పారు. ఆ జబ్బు తగ్గాలని ఆడపడుచు రామతీర్థం గుడిలో మొక్కుకుని కూడా వచ్చిందట. త్వరలో భోగాపురంలో రెండో కొట్టు తెరుస్తున్నారు.

“ఆ రోజు నన్ను ఇంట్లో ఉండమంటన్నారు మా ఆయన. గుమ్మంలో మా తోటికోడలు నిలబడతాదట. కొట్టు నాది పాపా. నేనే నిలబడాల.”

డాక్టరుగారు ఫిల్లర్ గురించి వివరించారు. అది జెల్ లాంటి పదార్థం. గుంటపడిన చోట చర్మం కింద ఎక్కిస్తే బుగ్గ నిండుతుంది. అయితే బరువు మూడు నెలలైనా ఒకచోట నిలిచాకే చెయ్యాలన్నది మా క్లినిక్ నియమం. ఇంకా తగ్గుతున్న మొహానికి చేస్తే చుట్టుపక్కల చర్మం జారిపోయి, నింపిన చోటు ఎత్తుగా, వేరుగా కనిపించవచ్చు. అరవై రెండు దగ్గర మూడు నెలలుగా ఆగిందని నాగరత్నం గారు చెప్పారు. మా మెషీన్ మీదా అంతే వచ్చింది. మూడు వారాల తర్వాతకి రోజు ఇచ్చాం.

ఆ రోజు మళ్లీ బరువు చూడాలి. చెప్పులు విప్పి ఎక్కే ఓపిక లేదని, నిన్ననే చూసుకున్నానని, అరవై రెండే రాసెయ్యమని అన్నారు. పెద్దావిడతో వాదించడం నాకు చేతకాలేదు. రాసేశాను.

అంగీకారపత్రం మీద సంతకం పెడుతుంటే ఉంగరం కంటపడింది. వదులుగా ఉందని మొదటిసారి వచ్చినప్పుడే దానికి పసుపు దారం చుట్టి ఉంది. ఇప్పుడు దాని మీద కొత్తగా ఎర్ర దారం, ఉంగరం కంటే లావుగా.

మొహానికి నంబింగ్ క్రీమ్, అంటే తిమ్మిరెక్కించే మందు, రాశాను. అది పనిచేయడానికి అరగంట పైనే పడుతుంది. డాక్టరుగారు పక్క గదిలో వేరే పేషెంటుతో ఉన్నారు. ఫారంలో అరవై రెండు అని ఉంది కాబట్టి నన్నెవరూ అడగరు. ఏమని మొదలుపెట్టాలో తెలియక, బరువు మెషీన్ తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాను.

“ఏటిది?”

“ఒక్కసారి ఎక్కండమ్మా.”

“సెప్పాను కదా. నన్ను నమ్మవేటి?”

“నమ్మే రాశానమ్మా. మీ ఉంగరానికి రెండో దారం చూశాక భయం వేస్తోంది.”

ఆవిడ చెయ్యి పమిట కిందికి పోయింది. “నోట్లోంచి మాట రాదు గానీ, అన్నీ సూస్తాది” అని వెక్కిరించారు. నేను కదల్లేదు. కాసేపటికి ఆవిడే లేచి ఎక్కారు. యాభై తొమ్మిది.

అప్పుడు అసలు సంగతి చెప్పారు. అన్నం సహించడం లేదు. రోజు మొత్తానికి రెండు ఇడ్లీలు. ఆ ఇంజెక్షన్ రాసిచ్చిన షుగరు డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసి, పాత చీటీ మీదే కొనుక్కుంటున్నారు. మానేస్తే మళ్లీ లావైపోతానని భయం.

“అయితే ఈ మొకంతోనే నిలబడాలా?”

“నిలబడండమ్మా. కొట్టు మీదే కదా.”

డాక్టరుగారికి అంతా చెప్పాను, బరువు చూడకుండా రాసిన సంగతితో సహా. నాకు గట్టిగానే చీవాట్లు పడ్డాయి. క్రీమ్ తుడిచేసి, షుగరు డాక్టరుకి ఉత్తరం రాసిచ్చి, నాగరత్నం గారిని అటునుంచి అటే అక్కడికి పంపారు.

ఆవిడ మళ్లీ వచ్చింది ఐదు నెలల తర్వాత. మందు మోతాదు మార్చారట, రెండు పూటలా తింటున్నారట. కొట్టు తెరిచిన రోజు గుమ్మంలో ఆవిడే నిలబడ్డారు. జబ్బేమిటని అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబట: “జబ్బు లేదు, బరువు తగ్గేను. సీర ఏ రంగు కావాల?”

చెయ్యి నా ముందు చాపారు. కంసాలి దగ్గర ఉంగరాన్ని వేలికి సరిపడా తగ్గించుకున్నారు. “సూడు పాపా, దారం లేదు.”

“మెషీన్ ఎక్కండమ్మా” అన్నాను. నవ్వుతూ చెప్పులు విప్పారు. అరవై. మూడు నెలలుగా అంతేనని షుగరు డాక్టరు చీటీలో కూడా ఉంది. ఫిల్లర్ రెండు విడతల్లో, కొద్దికొద్దిగా చేశారు.

నా కళ్లతో చూడని అంకెను అప్పటి నుంచి నేను ఫారంలో రాయలేదు. చికిత్స కోసం మొహం ఫోటోలు తీసే ముందు పేషెంటు చేతులు చూస్తాను. పెద్దవాళ్లతో వాదించడం ఇప్పటికీ రాదు. మెషీన్ తెచ్చి కాళ్ల దగ్గర పెట్టడం మాత్రం వచ్చింది.