వైకుంఠరావు గారి ఫ్లాపీలో చోటు

మా వైకుంఠరావు గారికి ఒకటే జబ్బు, అక్షరాల పిసినారితనం. టీ అడిగితే రెండు తాగిస్తారు, అక్షరం అడిగితే మాత్రం ప్రాణం పోయినట్టు చూస్తారు. తొంభై ఆరులో, బరంపురంలోని ఆయన కంప్యూటర్ సెంటర్లో నేను టైపిస్టుని. నా పేరు పుణ్యవతి. చేరిన రోజే "పుణ్య సాల్లే" అని సగం కోసేశారు.

కారణం ఫ్లాపీ. అరచేతిలో పట్టే ఆ నల్ల పలకలో పద్నాలుగున్నర లక్షల అక్షరాలు పడతాయి. ఆపైన ఒక్కటి ఎక్కువైనా "డిస్క్ ఫుల్" అని మొండికేస్తుంది. పైగా రెండు మాటల మధ్య వదిలే ఖాళీ కూడా ఒక అక్షరమంత చోటు తింటుంది. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు.

కూర్మారావు అనే ఆయన తన కొడుకు పెళ్ళి శుభలేఖ టైపు చేయమని ఇస్తే, మా వైకుంఠరావు గారి కోత తర్వాత పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, తేదీ, భోజనాలు మాత్రం మిగిలాయి.

"బంధువుల్ని పిలవనేదేటి బాబూ?" అన్నాడు కూర్మారావు.

"కార్డు సేతికిస్తే పిలిసినట్టు కాదేటి?"

భార్య కమలాకుమారి గారిని "కా" అని పిలిచేవారు. ఆవిడ ఓపిక పట్టి పట్టి, ఓ రోజు అన్నం పెట్టి కూర వెయ్యకుండా కూర్చుందట.

"కూరేదే?"

"కంచంలో సోటు మిగిల్సినాను."

ఆ ఏడు గంజాం తీరంలోని జాలరి కుటుంబాల పేర్లు కంప్యూటర్లో ఎక్కించే పని మాకొచ్చింది. జాబితాలో ఉన్నవాళ్ళకే పక్కా ఇళ్ళు. పై ఆఫీసువాళ్ళు తీసుకునేది ఒకటే ఫ్లాపీ, రెండోది ఇస్తే పుచ్చుకోరు. అయిదు వేల రెండు వందల కుటుంబాలు ఇంగ్లీషులో ఎక్కించేసరికి అది కాస్తా నిండిపోయింది. నాలుగు గంటల బస్సుకి పంపాలి.

మధ్యాహ్నం గోపాల్‌పూర్ నుంచి కాసమ్మ వచ్చింది, చంకలో ఖాళీ చేపల గంపతో.

"ఇసక మీదున్న మా అరవై ఇళ్ళూ రాసినారేటమ్మా?"

వాళ్ళ కాగితం మాకు అందనే లేదు. "ఫ్లాపీ నిండిపోయిందమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాను.

"వచ్చే ఏడు దాకా గాలి ఆగుతాదా తల్లీ? మొన్న కప్పెగిరిపోతే పిల్లల్ని గంపల కింద దాసినాను" అంది.

వైకుంఠరావు గారు కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నారు.

"పుణ్యా, పేరుకి ఎన్నచ్చరాల సోటిచ్చినావు?"

"యాభై."

"ఓరి నాయనో! యాభై అచ్చరాల పేరెవుడిది?"

ఆ పేరు గలాయన ఎదురుగానే టీ తాగుతున్నారు. పడవల సంఘం ప్రెసిడెంటు జగ్గారావు. బిరుదులన్నీ కలిపి సరిగ్గా యాభై. జాబితాలో అందరి పేర్లకీ ఒకే కొలత గది. అందరికన్నా పొడుగు పేరు ఎంతో, అందరికీ అంత. పైడన్న పేరు ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలే అయినా, మిగతా నలభై రెండు ఖాళీలూ వాడు మోయాల్సిందే.

"ఒక్కడి బిరుదులు ఊరందరూ మోస్తన్నారే!" అంటూ వైకుంఠరావు గారు వేళ్ళమీద లెక్క కట్టి, జగ్గారావు వైపు తిరిగారు. "బిరుదులు ముట్టుకోనండి. ఆఖర్న 'గారు' ఉంది సూడండి, ఇంగ్లీషులో నాలుగచ్చరాలు. అది తీసేస్తే అందరికీ నాలుగేసి తగ్గుతాయి, మొత్తం ఇరవై వేలు. పేరూ మిగతా వివరాలూ కలిపి ఒక్కో ఇంటికి రెండొందల ఎనభై కావాల. డెబ్బై ఇళ్ళు పడతాయి!"

జగ్గారావు టీ గ్లాసు ఠంగున బల్లమీద పెట్టారు. "నా గారు తీసేస్తావేటి? ముప్పై ఏళ్ళు పట్టింది సంపాయించడానికి!"

కాసమ్మ ఆయన ముందుకొచ్చి, "కంప్యూటర్లో తీసెయ్యనీ బాబూ. మా అరవై ఇళ్ళోళ్ళం రోజూ నోటితో అంటాం గదా" అంది.

జగ్గారావుకి మీసాల కింద నవ్వు ఆగలేదు. "హఉ, హఉ, తీసెయ్" అని ఒడియాలో ఒప్పేసుకుని, "పొద్దున్నోసారి, సాయంత్రమోసారి అనాల మరి" అని ఖాయం చేసుకున్నారు.

పేరు గది నలభై ఆరుకి కుదించాం. కాసమ్మ చెప్తుంటే టకటకా ఎక్కించాను. సోములు, ఎర్రమ్మ, దానమ్మ, కాసులు... అరవై ఇళ్ళూ పడ్డాయి. ఇన్నాళ్ళూ ఈయన్ని వెక్కిరించినందుకు నాకు భలే సిగ్గేసింది.

ఫ్లాపీ బయటికి తీయబోతే వైకుంఠరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండు, ఇంకా పదిళ్ళకి సోటుంది." తన కుర్చీ కాసమ్మ వైపు జరిపారు. "బస్సుకింకా పావుగంటుంది. కూకుని బాగా ఆలోసించు తల్లీ. ఇంకెవుల్నైనా మర్సిపోనావా?"