బురదలో కర్ర పోట్లు

దయ్యాలను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. కానీ చనిపోయిన మా బావ గురించి మా ఊళ్లో ఒక అబద్ధం తిరుగుతోంది. నేను నోరు మూసుకోవడం వల్లే అది నిలబడింది. ఇక మూసుకోను.

మాది బాసగూడ దగ్గర వాగు పక్కన చిన్న ఊరు. ఊరికీ చేలకూ మధ్య నల్లరేగడి పల్లం ఉంది. వానాకాలంలో అందులో ట్రాక్టర్ దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. పైకి అంతా ఒకేలా కనిపిస్తుంది. అడుగున గట్టి నేల ఎక్కడుందో వానవానకూ మారుతుంది. అందుకే మా దగ్గర ట్రాక్టర్ ముందు ఒక మనిషి వెదురు కర్రతో నేలను పొడుస్తూ నడుస్తాడు.

నా ట్రాక్టర్ ముందు నడిచింది మా అక్క భర్త, ముత్తయ్య బావ. గట్టి నేల మీద ఒక్క పోటు పొడిచేవాడు. మెత్తగా ఉంటే పక్కపక్కనే రెండు. రెండు కనిపించాయంటే నేను స్టీరింగ్ తిప్పాలి. ఆయనది ఎడమచేతి వాటం. ఆయన పొడిచిన గుంత ఎప్పుడూ ఎడమకు వాలి ఉండేది. నేను తొందరపడి హారన్ కొడితే వెనక్కి తిరిగి, "బండి నీది, బాట నాది బామ్మర్దీ. ఎద్దును అదిలించినట్టు అదిలియ్యకు" అనేవాడు.

ఆయనకు చూపు మందగించాక నేను పిలవడం మానేశాను. రెండు వానాకాలాలు వేరే మనిషిని ముందు పెట్టుకుని, ఆయన ఇంటి ముందు నుంచే ట్రాక్టర్ తోలుకుపోయాను. ఒకసారి అడిగాడు: "నేలను చూసేది కండ్లతోనా, చేతితోనా?" నేను గేరు మార్చి ముందుకు పోయాను. ఆయన కర్ర చూరులోకి చేరింది, మళ్లీ కిందికి దిగలేదు.

పోయిన వానాకాలం, ముసురు పట్టిన రోజుల్లో, బావ పోయాడు.

మా దగ్గర చావుకు ఇంటికో కట్టె తెచ్చి పేరుస్తారు. ఆ రోజు ప్రతి ఇంటి కట్టే నీళ్లు కారుతోంది. పొద్దుగూకేలోపు ఎండుకట్టె రాకపోతే పూడ్చిపెడదామని పెద్దలన్నారు. ఎండు మద్దికట్టె ఒక్కచోటే ఉంది. ఎండాకాలంలో బావ కొట్టి, పల్లానికి అవతల తన చేలోని పాకలో పేర్చి పెట్టుకున్నది.

అక్క ఏడవలేదు. నన్ను పక్కకు పిలిచి, "తమ్మీ, ఆయన కొట్టిన కట్టె ఆయనకే కావాలె. నా మనిషిని బురదల పెట్టనియ్య" అంది.

సోమయ్య అనే పొరుగాయన నాతో వచ్చాడు. పోయేటప్పుడు ట్రాలీ ఖాళీ కాబట్టి పల్లం పక్కనున్న గట్టు అంచున ఎలాగో దాటాం. ఆ బరువుకే గట్టు విరిగింది. కట్టె నింపుకుని తిరిగి వచ్చేసరికి పల్లంలోంచి తప్ప దారి లేదు. అంచున ఇంజన్ ఆపకుండా కూర్చున్నాను. పట్టపగలే, కానీ వాన.

సోమయ్య ట్రాలీ మీది నుంచి, "దిగితే మునుగుతం. దిగకపోతే మీ అక్క సంపుతది. ఏది నయమో నువ్వే చూస్కో" అన్నాడు. కాసేపటికి మళ్లీ ఆయనే, మెల్లగా, "ఎవలో ముందు పొయ్యిండ్రే" అన్నాడు.

ట్రాక్టర్ ముందు బురదలో ఒక గుంత. దాని అవతల ఇంకొకటి. అలా వరుసగా.

దిగి చూశాను. ఆ బురదలో కర్ర తీసిన వెంటనే గుంత పూడిపోవడం మొదలవుతుంది. ఇవి పూడలేదు. అంచులు శుభ్రంగా ఉన్నాయి. మోకాలి దాకా దిగబడే ఆ బురదలో ఒక్క అడుగు ముద్ర లేదు. గుంతలన్నీ ఎడమకు వాలి ఉన్నాయి.

నేను ఎక్కి, ట్రాక్టర్ దించాను. ధైర్యం అనకండి. వేరే దారి లేక దించాను.

సగం దూరంలో, ఎదురుగా తుమ్మచెట్టు వైపు నేరుగా పోవాలని నా లెక్క. అక్కడ పక్కపక్కనే రెండు పోట్లు. స్టీరింగ్ తిప్పాను. వెనక టైర్లు ఒక్కసారి కూడా ఊరికే తిరగలేదు. ఒడ్డు ఎక్కాక సోమయ్య ఒక పొడవాటి కట్టె తీసుకుని, మేం వదిలేసిన ఆ నేరు దారిలో పొడిచి చూశాడు. కట్టె అడుగంటలేదు. తిరిగొచ్చి, "ఇది నేను సూడలే. నువ్వు గూడ సూడలే" అన్నాడు. నేను ట్రాక్టర్ ఊరి వైపు తోలాను.

కట్టె పేర్చాక, బావ కర్ర కూడా ఆయనతో పెట్టమన్నారు. చూరులోంచి నేనే తీశాను. అక్క ఇంటి చుట్టూ ఉన్నది ఎర్రమట్టి. కర్ర కొసన మూరెడు మేర నల్లబురద, తడిగా ఉంది. ఎవరికైనా చూపించాల్సింది. చూపించలేదు. బురదతో సహా చితి మీద పెట్టాను. రుజువేదని అడిగేవాళ్లకు ఇదే నా జవాబు: నా చేతులతో నేనే తగలబెట్టాను.

ఆ తర్వాత మొదలైంది ఊరి మాట. ముత్తయ్య లేకుండానే నేను ఆ ముసురులో బాట కనిపెట్టానని, ఇన్నేళ్లూ ఆ మనిషి ఊరికే ముందు నడిచాడని. అంగడిలో నా భుజం తట్టారు. అక్క వింటుండగానే అన్నారు. నేను తలవంచుకుని టీ తాగాను. దానికి సిగ్గుపడుతున్నాను.

మొన్న అక్కకు అంతా చెప్పాను. పిచ్చి పట్టిందంటుందనుకున్నాను. బియ్యం చెరుగుతూ వింది.

"రెండు పోట్లు పొడిసిండా?"

"పొడిచాడక్కా."

"నువ్వు తిప్పినవా?"

"తిప్పాను."

చేట ఆపి నా ముఖం చూసింది. "ఆపాటి మాట బతికుండంగ ఇంటే, మనిషి ఇంకో రెండు వానలు నడుస్తుండె" అంది. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

ఆ గుంతలు ఎవరు పొడిచారో నాకు తెలియదు. చూరులోని కర్రకు ఆ బురద ఎలా అంటిందో తెలియదు. బావే వచ్చాడని నేను అనడం లేదు. దయ్యాలను నమ్మనని ముందే చెప్పాను. కానీ ఆ రోజు బాట వెతికింది నేను కాదు. అనుమానం ఉన్నవాళ్లు ముసురు పట్టినప్పుడు రండి. ట్రాక్టర్ నేనే ఇస్తాను. ముందు ఎవరూ నడవకుండా, ఆ పల్లం దాటి చూపించండి.