బాయ్ మూగబోయిన మధ్యాహ్నం

2023 చివర్లో నేను బెంగళూరు కుందలహళ్ళిలో ఒక చిన్న కంపెనీలో సపోర్ట్ ఇంజనీరుగా ఉన్నాను. చేపల వేటకు వెళ్ళే మరపడవలకు సముద్రపు వాతావరణం ఎప్పటికప్పుడు చూపించే పెట్టె మా సరుకు. తీరానికి దూరంగా లంగరు వేసి వదిలిన తేలే పరికరాలుంటాయి. వాటిని డేటా బాయ్ అంటారు. అవి కొలిచిన గాలి వేగం, కెరటాల ఎత్తు ఉపగ్రహం మీదుగా మా సర్వర్‌కు, అక్కడి నుంచి పడవలోని తెర మీదకు చేరతాయి.

ఒక మధ్యాహ్నం, కాకినాడ నుంచి వేటకు వెళ్ళిన ఒక పడవను నడిపే సరంగు అప్పలరాజు శాటిలైట్ ఫోన్ చేశాడు.

"బాబూ, కెరటం అంకె పొద్దుట్నించీ పెరుగుతా వచ్చి, ఇప్పుడు ఉత్త గీతలే అవుపడతన్నాయి. పెట్టె పాడైపోయిందా?"

పెట్టె బాగానే ఉంది. ఆయనకు దగ్గర్లోని బాయ్ నుంచే అంకెలు ఆగిపోయాయి. బ్యాటరీ పోయిందో, సముద్రమే దాన్ని లంగరు నుంచి తెంపేసిందో ఇక్కడి నుంచి తెలుసుకునే దారి లేదు. ఆ మాటే చెప్పాను.

"మరి ఉండమంటావా, వచ్చెయ్యమంటావా? వలలేసేశాం. ఇప్పుడు లాగేత్తే ఈ వేట పోయినట్టే."

సర్వర్లు చూసే మునిరాజు పక్క సీట్లోనే ఉన్నాడు. పుట్టి పెరిగింది బెంగళూరులోనే. ఫోన్ మ్యూట్ చేసి అడిగితే ఫోర్‌కాస్ట్, అంటే కంప్యూటర్ కట్టిన అంచనా, తెరిచి చూశాడు.

"దీంట్లో సముద్రం నెమ్మదిగానే ఉండాదప్పా. ఉండమని చెప్పేయ్."

నిజంగానే చెప్పబోయాను. కానీ ఆ అంచనా తెల్లవారకముందు కట్టింది. బాయ్ చూపిన పెరుగుదల అందులో లేదు. పడవలో అప్పలరాజుతో పాటు ఇంకా ఏడుగురున్నారు.

మ్యూట్ తీశాను. "అప్పలరాజు గారూ, ఏం జరుగుతుందో నాకు తెలీదు. అంచనా బాగానే ఉంది గానీ అది పాతది. మీకు దక్షిణాన ఇంకో బాయ్ ఉంది, అక్కడ కూడా కెరటం పెరుగుతోంది. నాకు కనిపించేది ఇంతే."

"లాగేత్తాం," అన్నాడు.

ఆ సాయంత్రం గాలి లేచింది గానీ భయపడినంత కాదు. అక్కడే ఆగిన పడవలు నిండా చేపలతో వచ్చాయి. అప్పలరాజు పెట్టె తీసేయమంటాడనుకున్నాను. ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను.

"నీదేటుంది బాబూ?" అన్నాడాయన తాపీగా. "తెలిసింది చెప్పావు, తెలీంది తెలీదన్నావు. వచ్చెయ్యాలనుకున్నది నేను. రేపు మళ్ళీ ఎల్తన్నాం, ఆ బాయ్ బాగైతే కబురెట్టు."

తర్వాత మా తెరను మార్చాం. ప్రతి అంకె కింద అది ఎప్పుడొచ్చిందో, కొలిచినదో అంచనాయో కనిపించేలా చేశాం. నడిసముద్రంలో ఉన్న మనిషికి ధైర్యం చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ మనిషి తేల్చుకోవాల్సింది ప్రాణాల సంగతి కాబట్టి, మనకు తెలిసింది ఎక్కడితో ఆగిపోయిందో ముందు చెప్పాలని నాకు తెలిసింది ఆ మధ్యాహ్నమే.