పెద్దనాయిన నాకేమీ కాడు

నల్లకోటు వేసుకున్న ప్రతివాడూ లాయరేనని నేను మనస్ఫూర్తిగా నమ్మిన ఆ రోజుల్లో, వరంగల్ సుబేదారిలోని మా సీనియర్ గారి ఆఫీసులో ఫైళ్ళు మోయడం తప్ప నేను వెలగబెట్టిందేమీ లేదు. ఇంట్లో మాత్రం హైకోర్టు నా సలహా లేనిదే నడవదన్నట్టు మాట్లాడేవాణ్ణి. అలాంటి నాకు పారిస్ మేడం దగ్గర దుభాషి పని తగిలింది. మేడం (అసలు పేరు పలకబోతే మా సీనియర్ గారికి దగ్గు వచ్చేది, అందుకే అందరం అలా పిలిచేవాళ్ళం) ముప్పై ఏళ్లుగా దేశదేశాల కంపెనీల తగాదాలను ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తి ముందు, వాదిస్తున్న మనిషి. ఓడలు, ఉక్కు, చమురు అన్నీ అయిపోయి, ఈసారి మా వరంగల్ మిర్చి దగ్గరికి వచ్చారు.

విదేశానికి పోయిన మిర్చికి బూజు పట్టింది. లోడు ఎత్తినప్పుడే తడి ఉందని కొన్న కంపెనీ, కాదు, ఓడలో తడిసిందని సరుకు అమ్మిన మా షావుకారు. మేడం ఆయన తరఫు లాయరు. మా పక్షాన సాక్షి ఒక్కడే: నలభై ఏళ్లుగా మార్కెట్‌లో మిర్చి చేతబట్టి నాణ్యం చెప్పే, ఈ లోడునూ చూసి పంపిన పెద్దనాయిన. ఆయన మాట చెల్లకపోతే కేసు పోతుంది, తడి సరుకును బాగుందన్నాడనే చెడ్డపేరు ఆయనకు మిగులుతుంది.

విచారణ వీడియోలో జరిగింది. మేం సుబేదారిలో, ఆర్బిట్రేటర్ సింగపూర్‌లో, ఎదుటి పక్షం హైదరాబాద్‌లో. ముందు నాచేత ప్రమాణం చేయించి, సాక్షితో బంధుత్వం ఉందా అని అడిగారు. లేదన్నాను. నిజంగానే లేదు. ఐదు నిమిషాలు గడిచాయో లేదో, "పెద్దనాయినా, జర మైకు దగ్గరికి జరుగు" అన్నాను. ఎదుటి పక్షం జూనియర్ (టై కట్టుకుని, అప్పటిదాకా ఇంగ్లీషు తప్ప పలకనివాడు) చటుక్కున చెయ్యెత్తాడు. దుభాషి సాక్షిని తండ్రికి అన్నగారని పిలిచాడట, ప్రమాణం చేసి అబద్ధమాడాడట, ఈ సాక్ష్యం కొట్టేయాలట. మా దగ్గర పెద్దవాళ్ళను అట్లాగే పిలుస్తామని చెప్పబోతే నోట్లో ఇంగ్లీషు ఒక్క ముక్క మిగల్లేదు. నా ఉద్యోగం సంగతి సరే, నా నోటి తొందరకు ఆయన పరువు పోతుందేమోనని ఏడుపొచ్చింది.

"ఏమంటాండు ఆ పిలగాడు?" అని అడిగాడు పెద్దనాయిన.

"నువ్వు నాకు చుట్టానివట."

"గంతేనా? దీనికెందుకు ఫికర్" అంటూ ఆయన స్క్రీన్ వైపు వంగి, "ఏ ఊరు బిడ్డా మనది?" అని అడిగాడు.

ఆ టై కుర్రాడు ఆలోచించను కూడా లేదు. "వర్ధన్నపేట, పెద్దనాయినా" అనేశాడు.

మూడు రోజులుగా మా ఆఫీసులో వినీ వినీ మేడంకు తెలుగులో ఆ ఒక్క మాట పట్టుబడింది. ఆవిడ తాపీగా, "ఎదుటి లాయరు గారు కూడా సాక్షికి బంధువేనని ఇప్పుడే రికార్డయింది. ఇద్దరినీ తప్పిద్దామా?" అన్నారు. ఆర్బిట్రేటర్ గారు నవ్వు ఆపుకోవడానికి నీళ్ళు తాగారు. జూనియర్ టై సవరించుకుని అభ్యంతరం వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత పెద్దనాయిన, గుప్పెడు మిర్చిని పిడికిట నొక్కి వదిలితే ఏం తెలుస్తుందో, చెవి దగ్గర ఊపితే గింజలు ఏం చెబుతాయో గంటసేపు వివరించాడు. నేను ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తీయకుండా ఇంగ్లీషులో చెప్పాను. తీర్పులో ఆయన మాట పూర్తిగా నమ్మదగినదని రాశారు. అది చదివి వినిపించినప్పుడు ఆయన కండువాతో కళ్ళొత్తుకుని, "మిర్చి ఘాటు" అన్నాడు (గదిలో మిర్చి లేదు).

మొన్న మేడం ప్రాక్టీసు మానేస్తూ ఫోన్ చేశారు. నేనూ ఇప్పుడు ఆర్బిట్రేషన్ కేసులే చూస్తున్నానంటే సంతోషించారు. ఎన్నెన్నో పెద్ద కేసులు గెలిచిన మనిషి, అరగంటసేపూ ఆ మిర్చి కేసు గురించే మాట్లాడారు. చివర్లో తెలుగులోనే, "పెద్దనాయిన బాగున్నాడా?" అని అడిగారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. బాగున్నాడని చెప్పాను. బంధుత్వం లేదని ఆ రోజు అంత ధైర్యంగా చెప్పిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడెవరైనా ప్రమాణం చేయించి అదే మాట అడిగితే, లేదనడానికి నాకు నోరు రాదు.