ఎడ్డీ విడగొట్టిన ఎర్ర డ్రమ్ సెట్

చికాగో పక్కనున్న బర్విన్‌లో, అందరూ ఎడ్డీ అని పిలిచే ఎడ్విన్ హ్రూష్కా ఇంటి బేస్‌మెంట్‌లో పద్దెనిమిది పాత డ్రమ్ సెట్లున్నాయి. అన్నీ చికాగోలో తయారైనవే, అన్నీ అరవైల నాటివే. స్కూలు బస్సుల మెకానిక్‌గా రిటైరైన ఎడ్డీ వాటిని తుడుస్తాడు, మరలు విప్పి మళ్లీ బిగిస్తాడు, దుప్పటి కప్పుతాడు. కొన్నాక ఒక్కదాని మీదా పుల్ల పడనివ్వలేదు.

"ఇంతమందిని ఇంట్లో పెట్టుకుని ఒక్కళ్లనీ నోరెత్తనివ్వవు కదయ్యా!" అంటుంది భార్య మార్జ్.

ఎర్ర తళుకుల సెట్టంటే ఎడ్డీకి ప్రాణం. బార్లలో వాయించే ఒకాయన చనిపోతే, ఆయన కూతురి దగ్గర కొన్నాడు. మూడు డ్రమ్ములు. రెండింటి లోపల 1965 మార్చి అని తయారీ ముద్ర ఉంది. మూడు కాళ్ల మీద నిలబడే మూడోదాని లోపల అదే ఏడు జూన్ ముద్ర ఉంది. అది తర్వాతెప్పుడో వచ్చి చేరిన పరాయిదని ఎడ్డీ తేల్చేశాడు. పక్క ఊరు సిసెరోలోని హాల్లో ఆదివారాలు జంటలు ఆడే పోల్కా నాట్యానికి బ్యాండులో వాయించే లొరేన్ వెసెలీకి దాన్ని అమ్మేశాడు.

రెండేళ్ల తర్వాత ఆ కూతురి నుంచి కవరొచ్చింది. అందులో పాత కొట్టు రసీదు. 1965 ఆగస్టులో ఒకే రోజు, ఒకే బేరంలో, కొత్తగా కొన్న మూడు డ్రమ్ములు.

ఎడ్డీ రసీదు రెండుసార్లు చదివాడు. కార్ఖానాలో పనివాళ్లు అల్మారాలో ఏ నెలది చేతికందితే అది సెట్టులో కలిపేసేవాళ్లు, ముద్ర చూసేవాళ్లు కాదు. ఈ సంగతి కొత్తవాళ్లకు పాఠంలా చెప్పేది ఎడ్డీయే. ఇప్పుడు నిక్షేపంలాంటి సెట్టును తన చేత్తోనే విడగొట్టుకున్నాడు.

ఆదివారం హాలుకి వెళ్లాడు. డెబ్బై మూడేళ్ల లొరేన్ గసగసాల రొట్టె తింటోంది.

"లొరేన్, ఆ డ్రమ్ నాకు తిరిగిచ్చెయ్."

"పరాయిదన్నావుగా. ఇప్పుడు చుట్టరికం కలిసిందా?"

రసీదు చూపించాడు. ఆమె చదివి పగలబడి నవ్వింది.

"నా దగ్గర రెండున్నాయి, నీ దగ్గర ఒకటే. ఆనవాయితీ నీకూ తెలుసు" అన్నాడు ఎడ్డీ. చెదిరిన సెట్టులో తక్కువున్నవాళ్లు ఎక్కువున్నవాళ్లకు, కొన్న ధరకే ఇచ్చెయ్యాలి. పాత డ్రమ్ములు కొనేవాళ్లెవరూ ఆ మాట దాటరు.

"తెలుసు, ఇస్తాను. కానీ మోగుతున్న డ్రమ్మును తీసుకుపోయి దుప్పటి కింద పడుకోబెడతావు, అదే నా బాధ. వచ్చే ఆదివారం నీ రెండూ ఇక్కడికి తీసుకురా. మూడూ కలిపి ఒక్క పూట వాయిస్తాను. తర్వాత నీ ఇష్టం."

"పుల్లలతోనా?"

"కాదు నాయనా, నెమలీకతో!"

వారమంతా ఎడ్డీ ఆ రెండింటినీ తుడుస్తూనే ఉన్నాడు. ఆదివారం రెండు డ్రమ్ములనూ దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీటుకు కట్టి, మార్జ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా తోలుకొచ్చాడు. హాల్లో మూడింటినీ తనే బిగించాడు. లొరేన్ పుల్లలెత్తగానే పళ్లు బిగబట్టాడు.

ముద్రలు చూసి, రంగు చూసి కొన్నాడే తప్ప వీటి గొంతు అతనికి తెలియదు. చిన్నది గట్టిగా పలికింది, కాలితో మోగించే బేస్ డ్రమ్ బొంగురుగా అందుకుంది, మూడుకాళ్లది మధ్యలో దూరి ఇద్దరికీ సర్దిచెప్పింది. ముసలి జంటలు లేచి గుండ్రంగా తిరిగాయి. పుల్ల తగిలి అంచు నుంచి చిన్న పెచ్చు ఊడింది. ఎడ్డీ ఒక్క గెంతు గెంతాడు.

"ఎలాగూ లేచావుగా, రా!" అంటూ మార్జ్ అతణ్ని జబ్బ పట్టి జంటల మధ్యకు లాక్కుపోయింది.

నాలుగు పాటలయ్యాయి. లొరేన్ నుదురు తుడుచుకుని పుల్లలు పక్కన పెట్టింది.

"మాటంటే మాటే. మూడూ నీవే, తీసుకుపో."

ఎడ్డీ గడియారం చూశాడు.

"హాలు అయిదింటిదాకా మనదేగా. కానివ్వు."

సాయంత్రం మూడు డ్రమ్ములూ కారెక్కాయి. లొరేన్ కారు తలుపు పట్టుకుని నిలబడింది.

"మరి వచ్చే ఆదివారం నేను దేని మీద వాయించాలి? నీ తల మీదా?"

"రెండింటికల్లా తెస్తాను. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే నేనొచ్చేదాకా ఆగు. ఇంకో సెట్టు మీద మొదలెట్టావంటే ఊరుకోను" అన్నాడు ఎడ్డీ.