నవ్వుతూ ఇమ్మన్న నీళ్లు

పోయిన ఏడాది మా పాలెంలో మహిళా మండలి పెట్టినప్పుడు నన్ను అధ్యక్షురాలిని చేశారు. కారణం ఒక్కటే, నేను బి.ఏ. చదివాను. మా ఆయన ఈ సముద్రపు ఒడ్డు బడికి హెడ్మాస్టరుగా వచ్చి అప్పటికి ఆరు నెలలు. చంకలో పాప. దానికి చెంచాడు నీళ్లు పట్టాలన్నా రెండుసార్లు కాచి, గుడ్డలో వడగట్టి, అప్పటికీ భయపడేదాన్ని.

ఇక్కడి ఆడవాళ్లు తాగే నీళ్ల కోసం ఉత్తరాన ఇసుకదిబ్బల దాకా నడుస్తారు. చేతులతో చెలమ తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి బిందె నింపుకుంటారు. బావి మంజూరైందనగానే అందరూ ఆ దిబ్బలే చూపించారు. వాళ్ల మాట ఎవరిక్కావాలి? సమితి వాళ్లు తమ జీపు వచ్చి ఆగడానికి వీలుగా బడి పక్కన తవ్వించారు. ఉప్పునీళ్లు పడ్డాయి. పప్పు ఉడకదు. తాగిన పిల్లలకు వాంతులు, విరేచనాలు.

సమితి ఆఫీసుకు పోయి బీడీవో గారికి చెప్పాను.

"చదువుకున్న మీరే నీరసపడితే ఎట్లమ్మా? ముందుండి నడిపేవాళ్ల మొహం కళకళలాడతా ఉండాల. మంచి మాటే చెప్పండి, మంచే జరుగుద్ది" అన్నారు.

నేను నమ్మాను. అదే నాకు ఇప్పటికీ మంట. వారం రోజులు బావి దగ్గర నిలబడి, తోడేకొద్దీ నీళ్లు తియ్యగా అవుతాయని అందరికీ చెప్పాను. చేపలమ్మే ఒక పెద్దామె గంప దించి నా మొహంలోకి చూసింది.

"నీ బిడ్డకి ఈ నీళ్లే పోస్తా ఉండావా తల్లీ?"

పాపకు పట్టేది చెలమ నీళ్లు. రోజూ మోసుకొచ్చి ఇచ్చేది ఆమె కోడలే.

బావి ప్రారంభానికి జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు వస్తారన్నారు. ఆయన నీళ్లు తాగి, బాగున్నాయని రాస్తే ఇక రెండో బావి అడిగే దారి ఉండదు. ఆ పొద్దున గ్రామసేవిక ఒక బిందెడు చెలమ నీళ్లు తెచ్చి గట్టు వెనక దాచింది.

"ఇందులో ముంచి ఇవ్వండక్కా. నవ్వతా ఇవ్వమని బీడీవో గారు మరీమరీ చెప్పినారు."

ఆ పిల్ల ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. దాన్నేమనను? కానీ నా ఒళ్లు మండిపోయింది. పిల్లలు వాంతులు చేసుకుంటుంటే నేను ఇకిలిస్తూ నిలబడాలా? అదా ధైర్యం?

దండలు, ఉపన్యాసం అయ్యాక చేద బావిలోనే వేశాను. గ్లాసు నింపి ఆఫీసరుగారికి ఇచ్చాను. ఒక గుక్క నోట్లో పోసుకుని పక్కకు ఉమ్మేశారు.

"కొత్త బావి గదా సార్, మొదట్లో అట్నే ఉంటాయి" అన్నారు బీడీవో గారు.

"అట్టైతే నువ్వు తాగు సారూ! ఇంకో గ్లాసు ముంచమ్మా, సారుకి" అంది పెద్దామె. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు.

ఆయన తాగలేదు. మంచినీళ్లు ఎక్కడని ఆఫీసరుగారు అడిగితే అన్ని చేతులూ ఉత్తరానికే లేచాయి. ఈ నీళ్లు తాగడానికి పనికిరావని ఆయన పుస్తకంలో రాశారు.

జీపెక్కుతూ బీడీవో గారు నాతో అన్నారు, "మీకు మంచి జరుగుద్దనే నమ్మకమే లేదమ్మా."

నమ్మకం లేనిదాన్నయితే ఆ చేద పట్టుకునేదాన్నా?

దిబ్బల దగ్గర బావి మంజూరైందట. పని మొదలు కాలేదు. సోమవారం సోమవారం బడి పక్కన బావి నీళ్లు సీసాలో పట్టుకుపోయి బీడీవో గారి బల్ల మీద పెడుతున్నాను. పెద్దామె కూడా వస్తోంది. పాలెం మొహం చూసి చాలా రోజులైంది, ఎప్పుడొస్తారు సారూ అని నవ్వుతూనే అడుగుతుంది. ఆయన ఫైలులో తల దూర్చుకుంటారు. వచ్చే సోమవారం ఇంకో పదిమంది వస్తామంటున్నారు.